ఉపవాస ప్రార్థనలో జీర్ణవ్యవస్థ

‘ఆ రోజుల్లో’ అని నేను మొదలుపెడితే మా ఆఫీసులో నవ్వుతారు, మొన్నమొన్నటి కరోనా కాలమే కదా అని. నాకు మాత్రం ఆ ఏడాదంతా ఒక పెద్ద అయోమయంగానే గుర్తుంది. మా దీవిలో, జంగ్లీఘాట్ పేటలో, మా ఇంటికంతటికీ ఒకటే ఫోను. అందులోనే నా పదో తరగతి, అందులోనే మామ్మ ప్రార్థన కూటం. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన తప్ప సిగ్నలు దొరికేది కాదు; దొరికినా బొమ్మ రాదు, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. మామ్మకు చదువు రాదు కనుక, పైనున్న లింకు మెసేజీ పాస్టరుగారిది, కిందున్నది బడిది అని గుర్తు పెట్టుకుంది. (పాస్టరుగారు ఎప్పుడూ ఆఖరి నిమిషంలోనే పంపేవారు లెండి.)

సైన్సు నోటి పరీక్ష రోజునే, అదే వేళకు, మామ్మకు ఉపవాస ప్రార్థన పడింది. ఆ మార్కులు రాకపోతే నేను పది గట్టెక్కను. “ఒలే, ముందు నీ పరీచ్చ కానీ. దేవుడెక్కడికీ పోడు గానీ నెట్టు పోతాది, జల్దీ!” అంటూ తనే కిందున్న మెసేజీ నొక్కి ఫోను నా చేతిలో పెట్టింది. ఆవేళ బడి మెసేజీ ఆఖర్న వచ్చి పైకెక్కి కూర్చుందని ఇద్దరం చూసుకోలేదు.

ఫోన్లో కాసేపు కరకర, తర్వాత నిశ్శబ్దం. నా వంతే అనుకుని కళ్ళు మూసుకుని, మేడమ్ చదవమన్న వాటిలో నాకు బాగా వచ్చిన పాఠం అందుకున్నాను. ముద్ద నోట్లో పెట్టింది మొదలు పేగుల దాకా, అన్నం అరిగే వైనమంతా హిందీలో గడగడా అప్పజెప్పేశాను. చివర్న పదిమంది గొంతులు “ఆమెన్” అన్నాయి. నాకేమీ అర్థం కాలేదు. మా సైన్సు మేడమ్ బెంగాలీ ఆవిడ, శాబాష్ అనడానికే మనసొప్పని మనిషి.

సాయంత్రం మేడమ్ నాకు గైర్హాజరు వేశారని తెలిసి భోరున ఏడ్చాను. మామ్మ పాస్టరుగారికి చెప్పింది. ఆయన నన్నూ లైన్లో పెట్టి మేడమ్‌కు ఫోను చేశారు. “మేడమ్‌జీ, లడ్కీ నే పూరా బతాయా. హమ్ సబ్ గవాహ్ హైఁ” అని, పిల్ల అంతా చెప్పిందంటూ సంఘం మొత్తాన్నీ సాక్షులుగా నిలబెట్టారు. “క్యా బతాయా?” అని, ఏం చెప్పిందో చెప్పమని ఆవిడ నిలదీస్తే, పాపం ఆయన ముద్ద దగ్గర్నుంచి పేగుల దాకా ఒక్కటీ వదలకుండా చెప్పారు. (పొద్దుట్నుంచీ ఏమీ తినని మనిషి అన్నం సంగతి మరిచిపోతాడా?) మేడమ్ నవ్వు నేను వినడం అదే మొదటిసారి. మర్నాడు మళ్ళీ పరీక్ష పెట్టి, అదే ప్రశ్న అడిగారు.

ఇప్పుడు డెలానీపూర్ ఆఫీసులో నాకు తరచూ ఆన్‌లైన్ మీటింగులే. అందరూ కెమెరాలు ఆపేసుకుంటారు. నా రిపోర్టు చదవడం అయ్యాక అదే నిశ్శబ్దం; ఎవరు విన్నారో, అసలు విన్నారో లేదో తెలియదు. ఆనాటి పదిమంది గొంతులు ఇంకోసారి వినబడతాయేమోనని ఒక్క క్షణం ఆగుతాను. ఎవరో “నెక్స్ట్” అంటారు. నేను మైకు ఆపేసి, మెల్లగా నాకు నేనే ఆమెన్ చెప్పుకుంటాను.