సుజాత మేడం జాకెట్‌కు మూడో కుట్టు

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది. సుజాత మేడం తమ్ముడు.

"అక్క పోయింది మాస్టారూ" అన్నాడు.

షట్టర్ మళ్ళీ కిందికి దించాను. ఎందుకు దించానో తెలియదు.

వాంతులై, కళ్ళు తిరిగి పడిపోతే పంజాగుట్టలో హాస్పిటల్‌లో చేర్చారని రెండు రోజుల కిందే తెలిసింది. సెలైన్ ఎక్కిస్తే లేచి వస్తుందనుకున్నాను.

తెలియని వాళ్ళకు చెబుతున్నాను. అమీర్‌పేటలో నా టైలర్ షాపు పైనే కంప్యూటర్ కోచింగ్ సెంటర్. మేడం అక్కడ పన్నెండేళ్ళుగా జావా చెబుతోంది. ఆమె దగ్గర నేర్చుకుని ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎంతమందో. వాళ్ళలో కొందరు ఈ పోస్ట్ చూస్తారు.

నేను ఏడో తరగతి చదివాను, మా ఊళ్ళో. ఫోన్‌లో తెలుగు టైపు చేయడం నాకు నేర్పింది ఆమే. ఈ అకౌంట్ తెరిచి ఇచ్చింది కూడా ఆమే.

నేను తక్కువ మాట్లాడతాను. అందుకు నవ్వేది.

"ఏంటి మాస్టారూ, మాటలు కూడా టేపుతో కొలిచి కత్తిరిస్తారా?"

నేను ఆడవాళ్ళ ఒంటి మీద టేపు పెట్టను. ఆది జాకెట్ తెచ్చిస్తే దాన్ని చూసి కుడతాను. మేడం ఆది జాకెట్ నా దగ్గరే ఉండేది. మొన్నమొన్నటి దాకా ఆ కొలత మారలేదు.

పోయిన ఏడాది ఆమెకు థైరాయిడ్ అన్నారు. మాత్ర రాశారు. పొద్దున్నే పరగడుపున వేసుకునేది.

కొన్నాళ్ళకు రెండు జాకెట్లు తెచ్చింది. లూజయ్యాయి, పక్క కుట్లు వేయమంది. వేశాను.

రెండు నెలలకు అవే జాకెట్లు మళ్ళీ తెచ్చింది. మళ్ళీ వేశాను.

థైరాయిడ్ ఉంటే ఒళ్ళు వస్తుందని విన్నాను. మరి తగ్గుతోందంటే మందు పనిచేస్తున్నట్టే కదా అనుకున్నాను.

ఇంకా చూశాను. వేళ్ళ కణుపులు, మోచేతులు నల్లబడ్డాయి. ఎండలో తిరిగే మనిషి కాదు. మధ్యాహ్నం బండి దగ్గర జామకాయ కొనుక్కుని, కారం వద్దని ఉత్త ఉప్పే అద్దుకుని తినేది. ముక్కలు అయిపోయాక కాగితంలో మిగిలిన ఉప్పు కూడా వేలితో అద్దుకుని నాకేది. పై అంతస్తు ఎక్కేముందు నా షాపు మెట్టు మీద కాసేపు కూర్చునేది.

చూశాను. అడగలేదు. ఆడమనిషి ఒంటి సంగతి నేనెట్లా అడుగుతాను అనుకున్నాను.

పోయిన నెల మూడోసారి వచ్చింది. ఈసారి ఒక్కటే, ఆ రెంటిలోని నీలం పట్టు జాకెట్. తమ్ముడి పెళ్ళికి కట్టుకుంటానంది.

"ఈ మాత్ర మొదలుపెట్టిన దగ్గర్నుంచే ఇలా ఉంది మాస్టారూ. నీరసమంటే డోసు పెంచారు. పెంచాక గుండె దడ, ఇంకా నీరసం. ఇంట్లో చెబితే బద్ధకం అంటున్నారు. మానేద్దామనుకుంటున్నా."

ఇన్నేళ్ళలో ఆమె అడగకుండా నేను చెప్పిన మాట ఒక్కటే. అది ఆ రోజే చెప్పాను.

"మానకుండ్రి మేడం. మందు మంచిగ పట్టింది. జాకెట్లు చూస్తలేనా, ఎంత సన్నగైన్రు."

ఆమె నవ్వింది. "మీరే నోరు విప్పి చెప్పారంటే వేసుకోవాల్సిందే."

వేసుకుంది.

నిన్న హాస్పిటల్ బయట ఆమె తమ్ముడు డాక్టర్ చెప్పింది చెప్పాడు. నాకు అర్థమైనంత రాస్తున్నాను.

ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎదురు తిరిగి థైరాయిడ్ గ్రంథిని తినేస్తుందట. ఆటో ఇమ్యూన్ అంటారట. మేడంకు అదే శక్తి కిడ్నీల పైన ఉండే అడ్రినల్ అనే చిన్న గ్రంథులను కూడా తినేసిందట. బీపీని, ఒంట్లో ఉప్పును నిలబెట్టేది వాటి నుంచి వచ్చే హార్మోనేనట. అది తగ్గితేనే చిక్కిపోవడం, చర్మం నల్లబడటం, ఉప్పు మీదికి మనసు పోవడం.

థైరాయిడ్ మాత్ర ఒంటి పనిని స్పీడు చేస్తుంది. స్పీడు పెరిగితే మిగిలిన ఆ కాస్త హార్మోను కూడా త్వరగా ఖర్చయిపోతుందట. మేడంకు అలాగే అయి బీపీ పడిపోయిందట. ముందు ఆ హార్మోను లోటును కనిపెట్టి దానికి మందు ఇచ్చి, తర్వాత థైరాయిడ్ మాత్ర ఇవ్వాలట. మాత్ర చెడ్డది కాదట.

నూనె ఎండిన మిషనుకు మోటారు బిగించినట్టు. ఈ పని చేసే నాకు ఇది తెలియాల్సింది.

"అక్క నీరసం ఒక్కటే చెప్పింది. చిక్కడం, ఉప్పు తినడం డాక్టర్‌కు చెప్పలేదు. మందు వల్ల సన్నబడుతున్నా అనుకుంది" అన్నాడు తమ్ముడు.

ఆమెకు ఆ మాట ఎవరు చెప్పారో అతనికి తెలియదు. చెప్పింది నేనేనని అక్కడే ఒప్పుకున్నాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

థైరాయిడ్ మాత్ర వేసుకునే వాళ్ళు మీలో ఉంటారు. మీ అంతట మీరు మానొద్దు. వేసుకున్నాక ఇంకా బాగోలేకపోతే డాక్టర్ దగ్గర అన్నీ చెప్పండి. జాకెట్ లూజయిన సంగతి కూడా చెప్పండి. నాలాంటి వాడి మాట విని ఆగొద్దు.

నీలం జాకెట్ నా దగ్గరే ఉంది. మూడో కుట్టు వేసి పెట్టాను. ఆమె తీసుకుపోలేదు.

ఇచ్చేటప్పుడు ఒక మాట అంది. "లోపలి గుడ్డ కత్తిరించకండి మాస్టారూ. మళ్ళీ ఒళ్ళు చేస్తాను, అప్పుడు కుట్లు విప్పుదురుగాని."

నిన్న సాయంత్రం దహనం నుంచి వచ్చి, స్నానం చేసి, షాపు తెరిచాను. మూడు కుట్లూ విప్పాను. జాకెట్ ఆది కొలతకు వచ్చింది. ఇస్త్రీ చేసి ఆది జాకెట్ పక్కన పెట్టాను.

గుడ్డ కత్తిరించలేదు మేడం.

అలసట లేని చోట నిమ్మళంగా ఉండు తల్లీ.