ఇతరుల గడి

మా ఆఫీసు మాస్టారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను ఈ ఏడు చేరబోయేవారి దరఖాస్తులు సర్దుతున్నాను. రావికమతంలో కూతురి ఇంట్లో, పొద్దున్నే కాఫీ తాగి, కుర్చీలో అలాగే ఒరిగిపోయారట.

చోడవరంలోని మా క్రైస్తవ వేదాంత పాఠశాల చిన్నది. రెండు తరగతి గదులు, భోజనాల షెడ్డు, నేను చూసుకునే గ్రంథాలయం. విద్యార్థులు మాత్రం ఒక్క చోటివారు కారు. కొండల మీంచి కువి భాష మాట్లాడేవారు, ఒడిశా సరిహద్దువారు, సముద్రపు ఒడ్డు పల్లెలవారు, బాప్తిస్టులు, లూథరన్లు, పెంతెకొస్తులు, రిటైరైన బస్సు కండక్టరు, పిల్లల పెళ్లిళ్లయ్యాక చదువుకు కూర్చున్న ఒక అమ్మ. మాస్టారు హాజరు పిలిచేటప్పుడు పేరుతో పాటు ఊరూ చదివేవారు. ఎవరైనా విసుక్కుంటే, "పేరొక్కటే పిలిస్తే మనిసి సగమే వస్తాడు" అనేవారు.

మాది బుచ్చయ్యపేట దగ్గర చెరకు రైతుల ఇల్లు. కాన్వెంటులో చదివాను. బైబిలు అక్కడే చేతికొచ్చింది. ఇంట్లో రోజూ దీపం పెట్టే అమ్మ, "సదువే గదా, ఎల్లు" అంది. ఇక్కడ చేరడానికి తెచ్చిన దరఖాస్తులో 'సంఘం', అంటే ఏ చర్చి అన్నచోట, ఖాళీ వదిలాను.

"సంఘం లేకుండా వేదాంతమేటి, మాస్టారూ? ఇతరుల గడిలో రాసీండి" అన్నారు ప్రిన్సిపాలు గారు.

"ఇతరుల్లో రాస్తే పై ఆఫీసోళ్లు సీటు కొట్టేస్తారండి." మాస్టారు నా వైపు తిరిగారు. "ఎందుకొచ్చేవమ్మా?"

"చదివి తెలుసుకుందామనండి" అన్నాను.

ఆయన రూళ్లకర్ర తీసి, పై ఆఫీసుకు పంపే పట్టికలో కొత్త గడి గీశారు. దాని మీద 'తెలుసుకుంటున్నవారు' అని రాశారు.

"మీ గీతల్ని ఆళ్లు ఒప్పుకోవాలి గదా?" అన్నారు ప్రిన్సిపాలు గారు.

"ఒప్పుకోపోతే మళ్లీ గీస్తానండి. నా దగ్గర సిరా ఉంది."

పట్టిక రెండుసార్లు తిరిగొచ్చింది. రెండుసార్లూ ఆయన కొత్త కాగితం మీద అదే గడి గీసి పంపారు. అన్నాళ్లూ నేను నా పెట్టె విప్పలేదు. మూడోసారి కాగితం తిరిగి రాలేదు. ఆ సాయంత్రం బట్టలు అలమరలో సర్దుకున్నాను.

చదువయ్యాక ఆఫీసు పనిలో ఆయనకు సాయపడేదాన్ని. అప్పుడడిగాను, నాకోసం ఎందుకంత పట్టుబట్టారని.

"నీకోసమే కాదమ్మా. మునుపు కొండ మీంచి సదువుకి ఒకడొచ్చేడు. ఆడి బాసకి పట్టికలో గడి లేదు. ఇతరుల్లో రాసీసేను. ఆఫీసు తుడుస్తా అది సూసి, 'ఇతరులంటే ఎవురండి మాస్టారూ?' అని అడిగేడు. మర్నాడు దుప్పటి సుట్టుకొని ఎల్లిపోయేడు."

ఆ పాత రిజిస్టరు ఆయన ఎప్పుడూ పారేయనివ్వలేదు. అందులో ఆ పేరు ఇతరుల గడిలోనే ఉంది. తర్వాతి రిజిస్టర్లన్నిటిలో ఆ గడి ఖాళీ. ఆయన కూతురి దగ్గరికి వెళ్లాక వాటిని నేనే రాస్తున్నాను.

ఫోను పెట్టేశాను. చేతిలో ఉన్నది రోలుగుంట అమ్మాయి దరఖాస్తు. సంఘం అన్నచోట, "అమ్మతో చర్చికి, నాన్నతో గుడికి వెళ్తాను" అని రాసింది.

మాస్టారి రూళ్లకర్ర సొరుగులోనే ఉంది. నడిమిన చెద తిన్న చిన్న నొక్కు. ఆయన గీసిన ప్రతి గీతా అక్కడ కాస్త వంగుతుంది. పట్టిక మీద కర్ర పెట్టి ఆ అమ్మాయికి గడి గీశాను. నడిమికి వచ్చేసరికి గీత కొంచెం పక్కకు ఒరిగి, మళ్లీ దారిలో పడింది.