మెరుగత్త తోమని మూత

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలవగా విన్నవాళ్ళు మాత్రం లేరు. వెండి కొట్టు వెనక గదిలో మెరుగు పెట్టే పని చేస్తుంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆమె మెరుగత్తే. యజమాని ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడు, ఆయనా అత్తా అనే అంటాడు. వరసలు చూసుకుంటూ కూర్చుంటే కొట్టు నడుస్తుందా!

ఆ గదిని చూస్తే మెరుగన్న మాటకే నవ్వొస్తుంది. గోడలు నలుపు, కిటికీ చువ్వలు నలుపు, గిర్రున తిరిగే గుడ్డ చక్రం నలుపు, దాని ముందు కూర్చున్న మనిషి ముక్కు కూడా నలుపే. వెండికి పట్టిన మురికి ఎక్కడికి పోతుందనుకున్నారు? తోమేవాళ్ళ మీదికే. మసిబారిన గిన్నెకు ఎర్రటి మెరుగు ముద్ద రాసి, చక్రానికి ఆనించి, మెత్తటి తోలుతో తుడిచి ముఖానికి ఎదురుగా పట్టుకుంటుంది. ఆమె ముక్కు పక్కన ఆవగింజంత పుట్టుమచ్చ ఉంది. అది గిన్నెలో తేటగా కనబడితేనే పని అయినట్టు, లేకపోతే మళ్ళీ చక్రం మీదికే. మచ్చ కనబడిందా అత్తా అని యజమాని అడుగుతాడు. కనబడిందంటే ఇక కళ్ళు మూసుకుని ఆ సరుకు అద్దాల బీరువాలో పెట్టేస్తాడు.

పాత వెండి కరిగించడానికి వచ్చే చోట మనసున్న మనిషి ఉండకూడదు. ఈమె ఉంది. సొట్టలుపడి, కీలు ఊడి, తూకానికి వచ్చిన చిన్న చిన్న భరిణెలను చూస్తే ఆమె ప్రాణం ఉసూరుమనేది. ఇంత ముచ్చటైన వాటిని కుంపట్లో పోస్తారా అని, జీతంలో పట్టుకోమని చెప్పి ఇంటికి తెచ్చుకునేది. అలా ముప్పై ఏళ్ళు తెచ్చుకుంటే ఒక బీరువా అర నిండిపోయింది. చేప ఆకారంలో ఒకటి, గుమ్మడికాయలా ఒకటి, మూత ఉబ్బెత్తుగా గుండ్రంగా ఉండే చందమామ ఒకటి. అన్నింటికీ పేర్లున్నాయి. సెలవు రోజున కిటికీ పక్కన బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, వాటిని బయటికి తీసి తుడుస్తూ కూర్చునేది. మధ్యాహ్నపు ఎండ ఒక మూత మీద నుంచి ఇంకో మూత మీదికి పాకుతుంటే గదంతా నీళ్ళలో ఉన్నట్టు కదిలేది. అప్పుడు ఆమెకు ఆకలి కూడా వేసేది కాదు.

వాటి మధ్య నల్లటిది ఒకటుంది. లోకంలోని వెండినంతా తోమిన మనిషి దాన్ని మాత్రం తోమలేదు.

అది ఆమె భర్తది. ఆయన బస్సు నడిపేవాడు. భరిణెలో లవంగాలు పోసుకుని, బండి ఎక్కేముందు ఒకటి బుగ్గన పెట్టుకునేవాడు. ఆ రోజు కూడా పెట్టుకుని, మూత మీద బొటనవేలు నొక్కి మూసి, బల్ల మీదే మరిచిపోయి వెళ్ళాడు. తోవలో గుండె ఆగిపోయింది. బస్సును మాత్రం పక్కకు తీసి ఆపాడట, ఎక్కినవాళ్ళెవరికీ గీత కూడా పడలేదట. కొన్ని నెలలకు ఆ మూత మీద, ఆయన నొక్కిన చోట, బొటనవేలి ముద్ర నల్లగా పైకి తేలింది. చెమటకో లవంగం నూనెకో వెండి అలా మరకపడుతుందని ఆమెకు తెలుసు. కొట్టులో అలాంటి మరకలు ఎన్ని వందలు చెరిపిందో లెక్కే లేదు. ఈ ఒక్కదాని మీద సుళ్ళు చుట్టలు చుట్టలుగా, ఒక్క గీత కూడా చెదరకుండా ఉన్నాయి. నిద్ర పట్టనప్పుడు ఆ భరిణె పక్కన తన వేలు పెట్టుకుని పడుకునేది. ముద్ర మీద పెట్టేది కాదు, పక్కనే. అరిగిపోతుందని భయం.

కూతురు ఫోను కొనిచ్చి, పాత వెండి ముచ్చట్లని ఒక గుంపు ఉందమ్మా, చూస్తూ కూర్చో, పొద్దుపోతుంది అంది. చూస్తూ కూర్చోమంది గానీ చూపించమనలేదు! కానీ కాకిపిల్ల కాకికి ముద్దు. ముద్దైనదాన్ని నలుగురికీ చూపించకుండా ఎవరుండగలరు? మెరుగత్త మొదట చందమామ ఫొటో పెట్టింది. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో మెచ్చుకున్నారు. అబ్బ, ఏం మెరుపండీ అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఆమె మెరుపును కొట్టు ముందు గదిలోనే మెచ్చుకున్నారు, వెనక గదిలోకి ఒక్క మాటా రాలేదు. ఇప్పుడొచ్చింది. ఆ రాత్రి ఆమెకు కల కూడా తళతళలాడుతూ వచ్చింది.

విషయం తెలిసి కూతురు జాగ్రత్తలు చెప్పింది. పేరు పెట్టొద్దు, వీధి పెట్టొద్దు, నీ ముఖం పడనీయొద్దు, ఇల్లు అసలే పడనీయొద్దు. ఆమె అక్షరాలా పాటించింది. తెల్ల దుప్పటి, దాని మీద భరిణె, అంతే. దుప్పటి అంచు కూడా పడేది కాదు. ప్రతి సెలవు రోజూ ఒకటి తోమేది, మచ్చ కనబడేదాకా తోమి, ఫొటో తీసి పెట్టేది. చివరికి ఒకరోజు అన్నింటినీ వరసగా పేర్చి, నల్లదాన్ని మధ్యలో కూర్చోబెట్టి, ఇదీ నా కుటుంబం అని రాసింది.

ఆ తర్వాతి వారంలో, పని నుంచి ఇంటికొచ్చేసరికి బీరువా అర ఖాళీగా ఉంది.

తాళం పగలగొట్టలేదు. బట్టలు చిందరవందర చెయ్యలేదు. తెలిసిన చుట్టంలా వచ్చి, గోడకున్న మేకు నుంచి తాళంచెవి తీసుకుని, బీరువా తెరిచి, భరిణెలన్నీ ఊడ్చుకుని, చెవిని మళ్ళీ మేకుకే తగిలించి పోయాడు ఆ పుణ్యాత్ముడు.

పోలీసమ్మ వచ్చింది. వయసులో చిన్నది, మాట నెమ్మది. ఇవి మీ దగ్గరున్నాయని ఎవరెవరికి తెలుసని అడిగింది. ఎవరికీ తెలియదమ్మా, ఇష్టమున్నవాళ్ళకు తప్ప అంది మెరుగత్త. పోలీసమ్మ ఫోను తీసుకుని ఫొటోలు పెద్దవి చేసి చూడసాగింది. తర్వాత కూతుర్ని పిలిచి చూపించింది.

"అమ్మా, నువ్వు ఇల్లు పడనీయకుండానే ఇల్లంతా చూపించావే!" అంది కూతురు.

చందమామ మూతలో కిటికీ ఉంది. కిటికీలోంచి ఎదురుగా ఉన్న బట్టల ఇస్త్రీ దుకాణం బోర్డు, అక్షరాలు తిరగబడి ఉన్నా చదవడానికి వీలుగా ఉంది. గుమ్మడికాయ పొట్ట మీద బీరువా ఉంది, పక్కన మేకు, మేకుకు తాళంచెవి. చేప వీపు మీద పెరటి తలుపు, దానికి సగం ఊడిన గడియ. ఫొటోలన్నీ సెలవు రోజునే పెట్టింది కాబట్టి మిగతా రోజుల్లో ఇల్లు ఖాళీ అని కూడా చెప్పినట్టే. ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. ఈమె గుట్టు నోటితో విప్పలేదు, తోలుముక్కతో తుడిచి తుడిచి విప్పింది. ఇంకొకరెవరైనా కాస్త బద్ధకంగా తోమి ఉంటే ఏ ప్రమాదమూ లేకపోయేది.

మెరుగత్త ఆ ఫొటోల్లో తన గదిని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎంత చిన్నగా, ఎంత బాగుంది! అన్నీ వంగి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, నీటి అడుగున ఉన్న ఇల్లులా ఉంది. అందులో ఫోను పట్టుకుని తనూ ఉంది. కోపం రావాల్సిన చోట రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

ఫిర్యాదు రాసుకుంటూ పోలీసమ్మ ఒక్కో భరిణెకు గుర్తులడిగింది. మిగతావి పోతే పోనీయమ్మా, నల్లదొక్కటి తెచ్చిపెట్టు అంది మెరుగత్త. దానికి గుర్తేమిటంటే మూత మీద ఆయన వేలిముద్ర అని చెప్పింది. పోలీసమ్మ అదే రాసుకుంది.

తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆమెకే తెలియదు. కొట్టులో తోముతూ తోముతూ ఆగిపోయేది. మచ్చ కనబడిందా అత్తా అంటే ఏ మచ్చ అనేది. ఇంటికొచ్చి, ఫోనులో పాత వెండి అమ్మే పేజీలన్నీ తిరిగేది. ఎవరెవరివో భరిణెలు, ఎవరెవరి ఇళ్ళలోవో, కళ్ళ ముందు ఏరులా పారిపోయేవి. కొన్నిసార్లు ఫోను చేతిలో ఉండగానే కునుకు పట్టేది. కలలో ఆయన బస్సు నడుపుతూ వెళ్ళేవాడు, అద్దంలోంచి ఆమెను చూసేవాడు, ఆపేవాడు మాత్రం కాదు.

ఒక సాయంత్రం ఒక భరిణె దగ్గర ఆమె వేలు ఆగింది. మెరిసిపోతోంది. కీలు దగ్గర చిన్న సొట్ట, అంచు మీద ఆయన బల్లకు కొట్టినప్పుడు పడ్డ గాటు. కాదు కాదు, ఇది అది కాదు అనుకుంది. నాది నల్లగా ఉంటుంది కదా!

ఫొటో పెద్దది చేసింది. మూతలో ఒక గది ఉంది. మెట్లున్నాయి, కిటికీ ఉంది, కిటికీ అవతల ఒక తాళాల దుకాణం బోర్డు, తిరగబడిన అక్షరాలతో. ఆమె రెండు సంగతులు ఒకేసారి గ్రహించింది. భరిణె ఎక్కడుందో తెలిసింది. అది తెలియాలంటే ఆ మూతను ఎంత గట్టిగా తోమి ఉండాలో కూడా తెలిసింది. కూతురికి ఫోను చేసి, దొరికిందే అంది.

పోలీసులు అక్కడికి వెళ్ళారు, మనిషి దొరికాడు. మంచి ధర పలకాలని నల్లదాన్ని కూడా అందంగా తోమి పెట్టాడట. స్టేషనులో బల్ల మీద అన్నీ వరసగా పేర్చారు. చేప, గుమ్మడికాయ, చందమామ. ఒక్కటి కూడా తగ్గలేదు. కూతురు సంతోషంతో తల్లి భుజం పట్టుకుంది. పోలీసమ్మ ఫిర్యాదు కాగితం చూసుకుంటూ చివరి భరిణె చేతికి తీసుకుంది, అటూ ఇటూ తిప్పింది.

"అమ్మా, దీనికి మీరు చెప్పిన గుర్తు లేదు. ఇది మీదేనా?"

మెరుగత్త మూత తెరిచింది. లోపల ఎవరూ తోమలేదు, లవంగం వాసన ఇంకా ఉంది. మళ్ళీ మూసి ముఖానికి ఎదురుగా పట్టుకుంది. మూతలో ఆమె ముఖం ఉంది, ముక్కు పక్కన పుట్టుమచ్చ తేటగా ఉంది. పని బాగానే చేశాడు.

"భరిణె నాదేనమ్మా," అంది. "ఆయనే లేరు."