ఆగిపోయిందండీ, ఒకసారి చూడండీ

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకుని బతికేదాన్ని నేను. కారణం లేకుండా ఏదీ జరగదనీ, కారణం దొరకలేదంటే సరిగ్గా వెతకలేదనీ నా నమ్మకం. అలాంటి నేనే ఇప్పుడిది రాస్తున్నాను. రాస్తున్నందుకు సిగ్గుగా లేదు, కోపంగా ఉంది.

మాది కొత్తపేట. హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తాను. మా అన్నయ్య చాలా ఏళ్లు కువైట్‌లో ఎండలో పనిచేసి, రెండు కిడ్నీలూ పాడైపోయి తిరిగొచ్చాడు. వారానికి మూడుసార్లు అమలాపురంలో డయాలసిస్ చేయించాలి. వదిన స్కూల్లో టీచరు, సెలవు దొరకదు. కాబట్టి తీసుకెళ్లేది నేనే. అన్నయ్య లోపల హాల్లో మంచం మీద ఉంటాడు, నేను తలుపు బయట కుర్చీలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నా పని చేసుకుంటూ ఉంటాను.

అక్కడ సలోమి గారని ఒక టెక్నీషియన్ ఉండేవారు. రాజోలు వైపు మనిషి. ఏం అడిగినా ముందు ‘సరే’ అన్నట్టు “ఆయ్” అనేవారు, తర్వాతే మిగతా మాట. సూది గుచ్చుతూ కూడా “ఆయ్, అయిపోయిందండీ, అయిపోయింది” అంటుంటే అన్నయ్యలాంటి మొండి మనిషి కూడా చెయ్యి కదపకుండా ఉండేవాడు. ఆవిడ గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

డయాలసిస్‌కి నీళ్లు ప్రాణం. మనం తాగే నీళ్లలో కాస్త క్లోరిన్ ఉన్నా ఏమీ కాదు, కడుపులోకి పోతుంది. ఇక్కడ నీళ్లకీ రక్తానికీ మధ్య ఉండేది పల్చటి పొర ఒక్కటే. క్లోరిన్ అటు దాటిందంటే రక్తకణాలు చితికిపోతాయి, మనిషి పోతాడు. అందుకే వెనక నీళ్ల గదిలో బొగ్గు నింపిన పెద్ద ట్యాంకు ఉంటుంది, అది క్లోరిన్‌ని పీల్చేస్తుంది. దాని తర్వాత ఒక మీటరు. ఆ మీటరు చూపించే అంకెను ఒక ప్రోగ్రాం చదివి హాల్లో స్క్రీన్ మీద వేస్తుంది.

ఒకరోజు ఆ ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయింది. స్క్రీన్ మీద మాత్రం పాత అంకె అలాగే నిలబడి ఉంది, చూసేవాళ్లకి అంతా బాగున్నట్టే. పొద్దుట్నుంచీ అంకె కదల్లేదేంటని సలోమి గారికి అనుమానం వచ్చి నా దగ్గరికొచ్చారు.

“అమ్మా, మీరు కంప్యూటర్ల పని చేస్తారంట కదండీ. అది ఆగిపోతే మాకు తెలిసేలా ఏమైనా చెయ్యగలరా అండీ?”

ఒక ప్రోగ్రాం ఆగిపోయిందని ఇంకో ప్రోగ్రాంకి తెలియడం తేలికే అనుకుంటారు అందరూ. కాదు. ఒక్కో రకం కంప్యూటర్‌కి ఒక్కో పద్ధతి. హాల్లో స్క్రీన్ ఉన్నది విండోస్. అందులో అనుమతి ఉంటే చాలు, సంబంధం లేని ప్రోగ్రాం కూడా ఇంకోదాన్ని కనిపెట్టుకుని కూర్చోవచ్చు, అది ఆగిన క్షణంలో కబురు అందుతుంది. నా లాప్‌టాప్ మాక్, అందులో ఫలానాది ఆగితే చెప్పమని ముందే అడిగి పెట్టుకోవాలి. మీటరు చదివే ఆ నీళ్ల ప్రోగ్రాం నడిచేది నీళ్ల గదిలో ఉన్న చిన్న పెట్టెలో, అది పాతకాలపు లినక్స్. అక్కడ ఒక ప్రోగ్రాం పోతే, దాన్ని పుట్టించిన ప్రోగ్రాంకి మాత్రమే కబురు వెళ్తుంది. బయటివాళ్లు తెలుసుకోవాలంటే మాటిమాటికీ వెళ్లి “ఫలానా నంబరు ఉందా” అని అడుగుతూ ఉండాలి.

నడిచే ప్రతి ప్రోగ్రాంకీ కంప్యూటర్ ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరుతోనే చిక్కు. ఒక ప్రోగ్రాం పోయాక దాని నంబరు ఇంకోదానికి ఇచ్చేస్తారు. అద్దె ఇంట్లో పాతవాళ్లు ఖాళీ చేసి కొత్తవాళ్లు దిగినట్టు. తలుపు కొడితే లోపలినుంచి పలుకుతారు, కానీ పలికింది మనవాళ్లు కాదు.

అందుకని నా కాపలా ప్రోగ్రామే నీళ్ల ప్రోగ్రాంని పుట్టించేలా రాశాను. అది ఆగితే మొదటి కబురు నా ప్రోగ్రాంకే వస్తుంది. వెంటనే హాల్లో గోడమీద స్పీకరు పలుకుతుంది. మేం ‘ప్రోగ్రాం చచ్చిపోయింది’ అనే మాట మామూలుగా వాడేస్తాం. ఆస్పత్రిలో ఆ మాట వద్దన్నారు సలోమి గారు. ఆవిడే నా ఫోన్లో రికార్డు చేసి ఇచ్చారు: “నీళ్లు చూసేది ఆగిపోయిందండీ. ఒకసారి చూడండీ.”

అంతే. ఆ రెండు ముక్కలే. ప్రమాద హెచ్చరికలో కూడా అండీలేంటని నేను నవ్వితే ఆవిడా నవ్వారు. కానీ బాగా పనిచేసింది. రెండుమూడుసార్లు కరెంటు పోయి వచ్చి నీళ్ల ప్రోగ్రాం పడిపోయినప్పుడు ఆ గొంతు పలికింది, వాళ్లు వెళ్లి సరిచేసుకున్నారు.

తర్వాత ఒక ఆదివారం ప్రార్థన నుంచి ఇంటికి వస్తూ సలోమి గారు దారిలోనే కుప్పకూలిపోయారు. గుండె అన్నారు. హాల్లో అందరూ ఏడ్చారు. అన్నయ్య రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆవిడ పోయాక కొన్నాళ్లకి మళ్లీ కరెంటు పోయి వచ్చింది. స్పీకరు పలికింది. మంచాల మీదున్నవాళ్లు బిగుసుకుపోయారు. ఒక పెద్దావిడ దండం పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. మేనేజరు గారు నన్ను లోపలికి పిలిచారు.

“పోయిన మనిషి గొంతు ఆస్పత్రిలో వినపడకూడదు మేడమ్. అపశకునం. పేషెంట్లు భయపడుతున్నారు.”

“సరేనండీ, వేరేవాళ్లతో రికార్డు చేయిద్దాం. అయిదు నిమిషాల పని,” అన్నాను.

ఆయన తలూపారు. మళ్లీ నేను వెళ్లేసరికి స్పీకరు లేదు, గోడకి రెండు మేకులు మిగిలాయి. నా ప్రోగ్రాం మొత్తం తుడిచిపెట్టేశారు. స్క్రీన్ అమ్మినాయన వచ్చి పచ్చ చుక్క ఒకటి పెట్టి వెళ్లాడట. చుక్క పచ్చగా ఉంటే నీళ్ల ప్రోగ్రాం నడుస్తున్నట్టు. దానికెలా తెలుస్తుందని ఆయనకి ఫోన్ చేసి అడిగాను. నంబరు ఉందో లేదో చూస్తుందండీ అన్నాడు. ఆ నంబరు వేరేదానికి పోతే ఏమవుతుందన్నాను. విండోస్‌లో బాగానే పనిచేసింది కదండీ అన్నాడు. ఇది విండోస్ కాదు మహానుభావా అని అరిచాను.

మేనేజరు గారికి కూర్చోబెట్టి చెప్పాను. అద్దె ఇంటి ఉదాహరణతో సహా చెప్పాను. ఆయన నవ్వుతూ విన్నారు.

“మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు మేడమ్. బావగారు... సారీ, మీ అన్నయ్యగారు బాగానే ఉన్నారు కదా.”

మనిషి పేరే కాదు, వరస కూడా గుర్తులేదు ఆయనకి. ఇంకో చోటికి మారుద్దామంటే కాకినాడ పోవాలి, అన్నయ్య ఒంట్లో అంత ప్రయాణం చేసే ఓపిక లేదు. వాళ్ల దగ్గరే పడి ఉండాలి. అది వాళ్లకీ తెలుసు.

ఇంకో సంగతి. సలోమి గారు ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే మొదటి మనిషిని మిషనుకి కలిపేముందు క్లోరిన్ ఉంటే రంగు మారే కాగితపు పట్టీ నీళ్లలో ముంచి చూసేవారు. చుక్క వచ్చాక అది మానేశారు. పచ్చగా ఉంది కదా, ఇంకెందుకని.

గోదావరికి వరద వచ్చింది. వరద తీశాక కుళాయి నీళ్లలో బ్లీచింగ్ బాగా కలిపారు, ఊళ్లో గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే వాసన ముక్కుకి కొట్టేది. ఆ వారంలోనే, పొద్దున్న షిఫ్టు. అన్నయ్యకి సూదులు పెట్టడం అయింది, ఇంకా మిషనుకి కలపలేదు. పక్కన కొందరికి అప్పుడే మొదలుపెట్టారు. తలుపు తీసే ఉంది. నేను నా కుర్చీలో ఉన్నాను.

“నీళ్లు చూసేది ఆగిపోయిందండీ. ఒకసారి చూడండీ.”

సలోమి గారి గొంతు. స్పష్టంగా. ఆ మేకులున్న గోడవైపు నుంచి.

నేను ముందు అనుకున్నది, మేనేజరు నా మాట విని మళ్లీ పెట్టించారనే. నిజంగా అదే అనుకున్నాను. తలెత్తి చూస్తే గోడ ఖాళీ. కొత్త టెక్నీషియన్ రాంబాబు చేతిలో ట్యూబుతో అలాగే నిలబడిపోయాడు. స్క్రీన్ మీద చుక్క పచ్చగా ఉంది. అతను దానివైపు చూసి, అన్నయ్యవైపు చూసి, మళ్లీ ట్యూబు కలపబోయాడు.

రెండోసారి అదే మాట వచ్చింది. అన్నయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

మూడోసారి వచ్చింది అది కాదు.

“చూడండంటే చూడరేంటి!”

అండీ లేదు. అరుపు. ఆ మనిషి బతికున్నన్నాళ్లూ నేను వినని కోపం.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా నీళ్ల గదికి పరిగెత్తాను. మీటరు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. తిరిగొచ్చి “ఆపండి, అన్నీ ఆపేయండి” అని కేకపెట్టాను. రాంబాబు మంచి పిల్లాడు, ఎవరినీ అడక్కుండా అన్ని మిషన్లూ ఆపేశాడు. తర్వాత పట్టీ ముంచితే ముదురు రంగు తిరిగింది. బొగ్గు అయిపోయింది, క్లోరిన్ నేరుగా దాటేస్తోంది. అప్పటికే కలిపినవాళ్లలో ఒకావిడకి వాంతులు, ఆయాసం మొదలయ్యాయి. డాక్టరు వచ్చి చూశారు. దేవుడి దయ, అందరూ ఇళ్లకి వెళ్లారు. ఇంకాసేపు ఆగి ఉంటే ఏమయ్యేదో నేను రాయలేను. అన్నయ్య చేతికి సూదులు ఉన్నాయి, ట్యూబు ఒక్క జానెడు దూరంలో ఉంది.

ఆ రోజే లినక్స్ పెట్టె తెరిచి చూశాను. ముందురోజు కరెంటు పోయి వచ్చినప్పుడు పెట్టె మళ్లీ మొదలైంది, నీళ్ల ప్రోగ్రాం మాత్రం లేవలేదు. దాని పాత నంబరు పాత ఫైళ్లు శుభ్రంచేసే ఏదో ప్రోగ్రాంకి వచ్చింది. చుక్క వెళ్లి తలుపు కొట్టింది, లోపల ఎవరో పలికారు, చుక్క పచ్చగా ఉండిపోయింది. నేను చెప్పింది చెప్పినట్టు జరిగింది. దీనికి కారణం ఉంది.

గొంతుకే లేదు. నా ప్రోగ్రాం ఆనవాలు ఆ పెట్టెలో గానీ, హాల్లో కంప్యూటర్‌లో గానీ లేదు. స్పీకరు స్టోర్ రూములో సెలైన్ డబ్బాల వెనక దొరికింది, వైరు దాని చుట్టూ చుట్టే ఉంది, మీద దుమ్ము. ఎవరి ఫోన్లోనైనా ఉందేమోనని అందరినీ అడిగాను. సలోమి గారి రికార్డింగ్ నా లాప్‌టాప్‌లో ఒక్కదాంట్లోనే ఉంది. చాలాసార్లు విన్నాను. అందులో రెండు ముక్కలే ఉన్నాయి. మూడోది లేదు. హాల్లో ఉన్నవాళ్లందరూ మాత్రం మూడూ విన్నారు, విడివిడిగా అడిగితే అందరూ అదే చెప్పారు.

ఆ తర్వాత జరిగింది వింటే మీకూ ఒళ్లు మండుతుంది. మేనేజరు గారు పంతులు గారిని పిలిచి శాంతి చేయించారు. పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించారు. మేకులకి పూలదండ వేయించారు. ఊరంతా సలోమి గారి దెయ్యం గురించే మాట్లాడింది. బొగ్గు ఎప్పుడు మార్చారని ఒక్కరు అడగలేదు. పట్టీ ఎందుకు మానేశారని ఒక్కరు అడగలేదు. దండ వేసిన గోడ పక్కనే స్క్రీన్ మీద ఆ పచ్చ చుక్క అలాగే ఉంది!

నేను మిగతా పేషెంట్ల ఇళ్లవాళ్లని కూడగట్టాను. అందరం కలిసి మేనేజరు గదిలోకి వెళ్లి, చుక్క తీసి నా కాపలా ప్రోగ్రాం పెట్టేదాకా, పొద్దున్న పట్టీ మళ్లీ మొదలుపెట్టేదాకా కదలమని కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఒప్పుకున్నారు. ఈసారి గొంతు నాది.

“మీదైతే అభ్యంతరం లేదు మేడమ్. మీరు బతికే ఉన్నారు కదా,” అన్నారాయన.

దండ తీసి, అవే మేకులకి స్పీకరు తగిలించాం. పనిచేస్తోందో లేదో చూడాలి కాబట్టి, అందరి ముందూ నీళ్ల ప్రోగ్రాంని నేనే ఆపాను. మేనేజరు నా పక్కనే ఉన్నారు. అన్నయ్య మంచం మీద, రాంబాబు తలుపు దగ్గర.

“నీళ్లు చూసేది ఆగిపోయిందండీ. ఒకసారి చూడండీ,” అంది స్పీకరులో నా గొంతు.

“ఆయ్,” అంది సలోమి గారి గొంతు.

మెల్లగా, సూది గుచ్చేటప్పుడు అనేవారే, అలా. అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. రాంబాబు రెండు చేతులూ జోడించాడు. ఆ రోజు విన్నదానికి గానీ దీనికి గానీ ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు. ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

మేనేజరు గారి మొహం పాలిపోయింది. నా చెవి దగ్గరికి వంగి అడిగారు.

“మేడమ్, అది కూడా తీసెయ్యగలరా అండీ?”

“అది నేను పెట్టింది కాదండీ,” అన్నాను.