పేటెంట్ కంటే ముందే అచ్చయిన పేరు

మా ఆయన కడుపులో మాట దాగదు. అలాంటి మనిషి ఒక్క సంగతి మీద ఏడాదికి పైగా నోరు మెదపలేదంటే దాని మీద ఎంత ఆశ పెట్టుకున్నాడో చూడండి. బాన్సువాడలో మాది వెల్డింగ్ షాపు. పొలం దమ్ము చేయడానికి ట్రాక్టర్‌కు బిగించే ఇనుప చక్రాలను కేజ్‌వీల్స్ అంటారు. వాటితో తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది, పోలీసులు ఊరుకోరు. అందుకని డ్రైవర్లు వాటిని గట్టు మీద బిగిస్తూ విప్పుతూ చస్తుంటారు. మా ఆయన రోడ్డెక్కే ముందు పళ్ళు లోపలికి మడుచుకునే చక్రం తయారుచేసి, హైదరాబాద్ వకీలు ద్వారా పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు. ఊళ్ళో నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. దరఖాస్తు పెట్టేదాకా ఎవరికీ చూపొద్దని వకీలు చెబితే, పెట్టాక కూడా మా ఆయన చూపలేదు.

ఒకరోజు పొద్దున్నే పని మీద బోధన్ పోయి, మాడిన ముఖంతో తిరిగొచ్చాడు. అక్కడి ఇనుప సామాన్ల షాపాయన, "నీ మడత చక్రం మస్తుగున్నదే, గా స్ప్రింగు లాకు భలే పెట్టినవ్" అన్నాడట. మడిచిన పళ్ళను పట్టి ఉంచే ఆ లాకు సంగతి, నన్నూ వకీలునూ వదిలేస్తే, తెలిసింది ఇద్దరికే. ఒకరు మా ఆయన, రెండోవారు మా పక్క షాపులో లేత్ మిషన్ నడిపే భాయ్. మా పెళ్ళి కాకముందు నుంచే వాళ్ళిద్దరికీ స్నేహం. నన్ను చెల్లె అని పిలుస్తాడు.

ముందు వకీలుకు ఫోన్ చేయమన్నాను. నా మాట వింటే ఆయన మా ఆయనెందుకవుతాడు? నేరుగా లేత్ షాపు ముందుకు పోయి, చాయ్ తాగుతున్న ట్రాక్టర్ డ్రైవర్లంతా వింటుండగా అరిచాడు. "నాకు, నీకు తప్ప ఎవ్వలకెరుక భాయ్? ఎంతకమ్ముకున్నవ్? దొంగవైతివి గద!"

భాయ్ చేతుల నూనె తుడుచుకుని షాపు లోపలికి పోయాడు. నాకు భయమేసింది.

వకీలుకు నేనే ఫోన్ చేశాను. "అదేంటమ్మా, దరఖాస్తు పెట్టి ఏడాదిన్నర దాటింది కదా. దరఖాస్తును పేటెంట్ ఆఫీసే అచ్చువేస్తుంది, నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అది రూలు" అన్నాడు తాపీగా. పేటెంట్ వచ్చినట్టేనా అంటే ఇంకా లేదన్నాడు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఈలోపే చెప్పుకోవడానికి ముందుగా బయటపెడతారట. రేపు పేటెంట్ వస్తే హక్కు అచ్చయిన రోజు నుంచే లెక్కట. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే వకీలు సొమ్మేం పోయేది!

మా ఆయనకు చెబుతుండగానే భాయ్ మా షాపులోకి వచ్చాడు. బోధన్ షాపాయనకు ఫోన్ చేసి, అతను నెట్‌లోనే చూశాడని కనుక్కుని, నెట్ సెంటర్‌లో ఆ దరఖాస్తు ప్రింటు తీయించుకొచ్చాడు.

"తమ్మీ, నేను చెప్పలే. సర్కారే చెప్పింది."

"తప్పయింది భాయ్" అన్నాడు మా ఆయన. హమ్మయ్య అనుకున్నాను. కానీ భాయ్ కదల్లేదు. కాగితం మీద వేలు పెట్టాడు.

"కనిపెట్టినోళ్ల పేర్లు ఈడ ఉంటయంట. నెట్ సెంటరాయన సదివి చెప్పిండు. నీ ఒక్కని పేరే ఉన్నది."

ఆ లాకు భాయ్ ఆలోచన. మా షాపు నేల మీద సుద్దముక్కతో గీసి చూపించింది నా కళ్ళ ముందే. మా బజార్లో గీతలు నేల మీదే గీస్తారు, పని అర్థమయ్యాక కాలితో తుడిచేస్తారు. లేత్ పనికి కిరాయి ఇస్తే అయిపోయినట్టే. వస్తువు మాత్రం అమ్మిన షాపుది. కనిపెట్టిందెవరని వకీలు అడిగితే మా ఆయన ఆ అలవాటులోనే తన పేరు చెప్పాడు. మోసం చేద్దామని కాదు, భాయ్ పేరు ఆయనకు తోచనే లేదు. నాకు అదే మరీ కష్టమనిపించింది.

"పనికి కిరాయి ఇచ్చిన గద భాయ్" అన్నాడు మా ఆయన.

నాకు తల బాదుకోవాలనిపించింది. "పేటెంట్ ఇంకా రాలేదు భాయ్, నీ పేరు గూడ ఎక్కిస్తం. ఆ లాకు నీదే" అన్నాను.

భాయ్ నా వైపు తిరిగాడు. "ఇందాక బజార్ల నన్ను దొంగన్నడు. ఇప్పుడు నువ్వు లాకు నీదే అంటున్నవ్ చెల్లె. గా మాట ఈయన నోట్లకెళ్లి ఇనాలె."

బయట డ్రైవర్లు ఇటే చూస్తున్నారు. మా ఆయన తల దించుకుని వెల్డింగ్ రాడ్లు ఏరసాగాడు. భాయ్ తన షాపుకు వెళ్ళి మిషన్ వేసుకున్నాడు.

పేరు చేర్చే కాగితం వకీలు పంపాడు. భాయ్ సంతకం కోసం నేనే తీసుకుపోయాను. చాయ్ తెప్పించాడు, పిల్లల చదువులు అడిగాడు. కాగితం మాత్రం ముట్టలేదు.

"ఆయనను తెమ్మను చెల్లె. గప్పుడు పెడ్త."

రెండు షాపులకూ మధ్య ఉన్నది ఒక్క గోడ. మా ఆయన పోలేదు. పేటెంట్ ఒక్క పేరుతోనే వచ్చింది.