ఎర్ర రేకు మూత

అమీర్‌పేట గల్లీలో ఎల్లేశం ఇరవై ఆరేళ్లు నడిపిన లేత్ మిషన్ ఇప్పుడు పంజాగుట్టలో ఓ ఆఫీసు రిసెప్షన్‌లో నిలబడింది. కార్ఖానా పోయి, ఆ జాగాలో హాస్టల్ లేచింది. మిషన్‌ను అలంకారానికి కొన్నారు. దానికి పాత రంగే మళ్లీ వేయించాలని, ఆఫీసు లోపలి పనులు చూస్తున్న మంజుశ్రీ ఎల్లేశాన్నే వెతికి పిలిపించింది.

మూడు రోజులుగా మిషన్ మీది రంగులు గీకుతూనే ఉన్నాడు. నడుము పట్టేసింది. ఏటా దసరాకు మిషన్ కడిగి, ఆ ఏడు చేతికి దొరికిన రంగు పూయడం కార్ఖానా ఆనవాయితీ. ఓసారి కిటికీలకు తెచ్చిన నీలం, ఓసారి ఎవరింటి గేటుకో పూయగా మిగిలిన పచ్చ. బ్లేడు కింద ఒక్కో దసరా రాలిపడుతోంది. చివరికి అడుగున లేత బూడిద రంగు తేలింది.

"ఇదే అంకుల్! ఒరిజినల్ గ్రే. మొత్తం ఇదే కొట్టండి," అంది మంజుశ్రీ. "ఆ ఎర్ర మూతకి కూడా."

గేర్ల మీది రేకు మూత అది. ఎన్ని దసరాలు వచ్చినా దాని మీద ఎరుపు తప్ప మరో రంగు పడలేదు.

"అది గట్లనే ఉండనీ బిడ్డా. మిషన్ తోటి వచ్చింది కాదది. మా కనకయ్య మూడు వేళ్లు గా గేర్లల్ల పడ్డంక మేమే చేసుకున్నం."

ఆనాడు కార్ఖానా సేటు ఆస్పత్రికి కూడా రాలేదు. 'చూసుకొని పని చెయ్యాలె' అన్నాడంతే. కూలివాడి వేళ్లు తెగితే తప్పు ఎప్పుడూ వేళ్లదే. పనివాళ్లే డబ్బా రేకు కోసి మూత చేసి, దూరం నుంచే కనబడాలని ఎర్రగా పూశారు.

"ఒరిజినల్ కాదా? అయితే తీసేద్దాం అంకుల్. ఇంక నడిచే మిషన్ కాదుగా, ఎవరి చెయ్యి పడుతుంది?"

అనవసరంగా చెప్పానని ఎల్లేశం నాలుక కరుచుకున్నాడు. వాదించే ఓపిక లేదు. నాలుగు బోల్టులు విప్పాడు.

"నేను తీస్కపోదునా మరి?"

"తీస్కెళ్లండి, స్క్రాపే కదా."

సాయంత్రం సంచి చంకన పెట్టుకుని బోరబండలో బస్సు దిగాడు. అక్కడ కనకయ్యది చాయ్ బండి. ఎల్లేశం మూత తీసి బండి మీద పెట్టాడు.

"గిదెందుకు తెచ్చినవ్‌రా? లోపల నా వేళ్లు ఉన్నయేమో చూసినవా?"

"చూసిన. లేవు. సేటు తిన్నట్టున్నడు."

ఇద్దరూ నీరసంగా నవ్వారు.

స్టవ్ మంట గాలికి కొట్టుకుంటోంది. కనకయ్య మిగిలిన రెండు వేళ్లతో మూత అందుకుని, స్టవ్‌కి అడ్డంగా నిలబెట్టాడు. ఎరుపు రోడ్డు వైపు. మంట కుదురుకుంది.

"పొద్దుగాల గ్రే కొట్టనీకె పోవాలె," అన్నాడు ఎల్లేశం, గ్లాసు అందుకుంటూ.