ఒక్కతుడుపు మాస్టారు

మాస్టారికి లోకంలో గిట్టనిది ఒకటే: తుడిచిన కాగితంతో మళ్లీ తుడవడం. లేజర్ ల్యాబులో అద్దాలు శుభ్రం చేసే పని ఆయనది. పలచని కాగితం మీద ఒక చుక్క స్పిరిట్ వేసి, అద్దం మీద ఒక్కసారి, ఒకే వైపు లాగి పారేస్తారు. ఇంకోసారి తుడవాలంటే ఇంకో కాగితం. అందుకే అందరికీ ఆయన ఒక్కతుడుపు మాస్టారు.

ల్యాబుతో ఊరుకుంటే బాగానే ఉండేది. ఎదుటివాళ్ల కళ్లజోడు అడక్కుండానే లాక్కుని తుడిచిపెట్టేవారు.

"మొహం కూడా నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్కసారే తుడుచుకుంటారు. ఆ తువ్వాలు ఉతుక్కి, తర్వాత ఇంకోటి. ఇంట్లో మనుషులం ఇద్దరం, తువ్వాళ్లు నలభై" అని ఆయన భార్య వాపోయేది.

కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయికి మూడు నెలలుగా రోజూ ఇదే పాఠం.

"ఎన్నిసార్లమ్మా?"

"ఒక్కసారే మాస్టారూ."

"ఎటు?"

"ఒకే వైపు మాస్టారూ."

చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఏం లాభం? తీరా ఉద్యోగం ఖాయం చేసే రోజు పొద్దున్నే, తొందరలో, వాడిన కాగితాన్నే మడిచి రెండోసారి లాగింది. కాగితానికి అంటుకున్న ధూళి మళ్లీ అద్దమెక్కింది. లేజర్ వేయగానే టిక్కుమంది. అద్దం పూత మీద ఆవగింజంత కాలిన మచ్చ. అద్దం ఇక పనికిరాదు, తన ఉద్యోగమూ అంతే అనుకుంది.

మాస్టారు టార్చి వాలుగా పట్టి చూశారు. "అదే కాగితమా?"

"అదే మాస్టారూ" అంటూ ఏడ్చేసింది.

ఆయన తిట్టలేదు. బీరువాలోంచి ఒక రేకు డబ్బా తెచ్చి మూత తీశారు. నిండా కాలిన అద్దాలు, ఒక్కోదాని వెనక పేరు రాసిన చీటీ. పారేయమని ఇచ్చినవన్నీ దాచారన్నమాట.

"ఇది మన డైరెక్టరుది. ఈ మూడూ నావి, ఒక్క రోజులోనే. నాకెవరూ చెప్పలేదమ్మా. అందుకే అందరికీ విసుగొచ్చేదాకా చెబుతాను."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం మాస్టారూ?"

"రెండోసారికి పనికొస్తాయిగా."

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ ఈయన్ని వట్టి చాదస్తుడనుకున్నందుకు సిగ్గూ వేసింది.

అంతలో డైరెక్టరు వచ్చారు. "ఎవరి చేతిలో కాలింది?"

"నా చేతిలోనే సార్. వాడిన కాగితంతో తుడిచాను."

ఆయన అద్దాన్ని వెలుగుకి పట్టి చాలాసేపు చూశారు. తర్వాత బల్ల మీద తెరిచి ఉన్న డబ్బాను చూసి, మాస్టారి వంక గుర్రుగా చూసి, నిట్టూర్చారు.

"నాదానికంటే చిన్నదే. పైగా నేను నెల దాకా ఒప్పుకోలేదు. ఈ అమ్మాయి ఉద్యోగం ఖాయం చేసే కాగితాలు ఇటివ్వండి, సంతకం పెడతాను."